ఈబర్డ్ యాప్: తేలినీలాపురం పక్షుల లెక్కకి పనికొస్తుందా?

ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. హైస్కూల్లో బయాలజీ చెబుతాను. తేలినీలాపురం దగ్గరే కాబట్టి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చే సీజన్లో పిల్లల్ని తీసుకెళ్తుంటాను. ఫొటోలు తీసుకునేవాళ్ళు చాలామంది కనిపిస్తారు, ఎన్ని ఉన్నాయో రాసిపెట్టేవాళ్ళే తక్కువ. అందుకే, ఎక్కడ ఏ పక్షులు ఎన్ని కనబడ్డాయో లిస్టుగా రాసిపెట్టుకునే ఈ ఈబర్డ్ యాప్ వాడుతున్నాను.

అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల నడుపుతున్న ఈబర్డ్ 2002లో మొదలైంది. యాప్‌కి డబ్బులు కట్టక్కర్లేదు. లిస్టు మొదలుపెడితే సమయం, నడిచిన దూరం అదే చూసుకుంటుంది. చివర్లో, గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అడుగుతుంది. నాకు బాగా నచ్చింది ఇదే. అవును అంటే, లిస్టులో లేని పక్షి ఆ పూట మనకి కనబడలేదని లెక్క. అందుకే కాకుల్ని, గోరింకల్ని కూడా వదలొద్దని పిల్లలకి గట్టిగా చెబుతాను. పదేళ్ళ తర్వాత పక్షులు తగ్గాయా, చూసేవాళ్ళే తగ్గారా అన్నది తేలాలంటే ఈ వివరాలన్నీ ఉండాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎంత పోయాయో ఎకరాల్లో లెక్కేశారు. మరి పక్షుల సంగతేంటని పిల్లలు అడిగితే, తుపానుకి ముందూ తర్వాతా ఏటా ఒకే పద్ధతిలో లెక్కపెట్టిన అంకెలు చూపించాలి కదా!

ఎక్కించిన డేటా ఎవరి దగ్గరా ఇరుక్కుపోదు. పరిశోధనకి కావాలంటే దరఖాస్తు పెట్టి ఉచితంగా తీసుకోవచ్చు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికలో 942 జాతుల్ని పరిశీలించారు. దానికి ఆధారం సుమారు 30 వేల మంది ఈబర్డ్‌లో రాసిన 3 కోట్ల నమోదులు. మా బడి పిల్లల లిస్టులు కూడా ఇలాంటి పనికి చేరతాయంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది. ఇంకో మేలు కూడా జరిగింది. తేలినీలాపురం వచ్చే పెలికాన్లని మా వైపు అందరూ సైబీరియా పక్షులంటారు. ఈబర్డ్ వెబ్‌సైట్లో ఇక్కడికొచ్చే మచ్చల ముక్కు పెలికాన్ మ్యాప్ తెరిస్తే గుర్తులన్నీ మన దేశంలోనూ చుట్టుపక్కల ఆసియా దేశాల్లోనూ ఉన్నాయి, సైబీరియా ఖాళీ. పిల్లలు అది ఇంటికెళ్ళి తాతలకి కూడా చెప్పారట.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, సంఖ్య బదులు ఎక్స్ అని పెట్టి వదిలేయనిస్తుంది. ఏళ్ళ తరబడి పోల్చాలంటే ఆ ఎక్స్ ఎందుకూ పనికిరాదు. అంచనాగా అయినా అంకె వేయండి. జీపీఎస్‌కి బ్యాటరీ కూడా బాగా తింటుంది. ఇక్కడి పక్షుల ప్యాక్, అంటే ఈ ప్రాంతంలో కనబడే పక్షుల పేర్ల జాబితా, ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పని జరుగుతుంది. పెద్ద సంఖ్య వేస్తే వివరాలు అడుగుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు సరిచూడటానికే అది.

పాత తేదీలతోనూ ఎక్కించుకోవచ్చు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచి ఓపెన్‌బిల్ కొంగల గురించి తేదీ, చోటు, సంఖ్య రాసుకున్న పాత డైరీలు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అవి ఎక్కించండి.