ఎఫ్‌డీ అడిగితే పాలసీ రాశారు: ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు కాగితాలు ఒకసారి చూసుకోండి

ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడే రోజులివి, అందుకే కోపం చల్లారే దాకా ఆగకుండా రాసేస్తున్నాను. నిన్న మా చినమావ ఖాతాలోంచి లక్ష రూపాయలు తెగాయి. ఆయన తీయలేదు, ఎవరికీ చెక్కు రాయలేదు. కిందటేడు ఇదే నెలలో ఐదేళ్ల ఎఫ్‌డీ అని బ్రాంచిలో చెప్పి వేయించిన లక్ష అసలు ఎఫ్‌డీయే కాదు. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టాల్సిన జీవిత బీమా పాలసీ. నిన్న తెగింది రెండో కిస్తు. ఇంకా ఎనిమిది ఉన్నాయి. మూడెకరాల వరి, కాస్త జీడితోట ఉన్న మనిషి ఏటా లక్ష ఎక్కడినుంచి తెస్తాడు?

బ్యాంకు పేరు, బ్రాంచి పేరు ఇక్కడ రాయను. సర్కారు బ్యాంకే. ఈ పని ఒక్క బ్యాంకులోనే జరుగుతుందని కూడా అనుకోవద్దు. ఏ బోర్డు కింద డబ్బు వేసినా కాగితం చూసుకోవాల్సిందే.

లక్ష తెగడం కన్నా నన్ను ఎక్కువ మండించింది ఇంకొకటి. బ్రాంచికి వెళ్లి, ఈయన ఎఫ్‌డీ అడిగితే పాలసీ ఎలా రాశారని అడిగాం. కౌంటర్‌లో ఉన్నాయన స్క్రీన్ మీంచి తలెత్తకుండా "మవుసా, దస్తఖత్ తొ ఆపణంకర" అన్నాడు. సంతకం మీదే కదా, అని. నిజమే, సంతకం ఆయనదే. తెలుగులో పెట్టిన సంతకం. ఇంటికొచ్చి బీమా కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పాలసీ పత్రం తెప్పించుకున్నాం. దానికి ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కావాలని నింపే దరఖాస్తు, నకలు జతచేసి ఉంటుంది. ఫారం ఏ భాషలో ఉందో ఆ భాష కాకుండా వేరే భాషలో సంతకం చేసినా, వేలిముద్ర వేసినా, ఫారం చివర ఒక డిక్లరేషన్ ఉంటుంది. "ఈ ఫారంలోని విషయాలన్నీ ప్రపోజర్‌కు ఆయనకు తెలిసిన భాషలో పూర్తిగా వివరించాను, ఆయన అర్థం చేసుకున్నాకే సంతకం చేశారు" అని ఒకరు పూచీ పడాలి. మా చినమావ ఫారంలో భాష దగ్గర తెలుగు అని రాసి ఉంది. కింద సంతకం, ఆ కౌంటర్ మనిషిది. ఆయనకి తెలుగు ముక్క రాదు. ఇప్పటికీ చినమావతో సగం ఒడియా, సగం హిందీలో మాట్లాడతాడు. అంటే వివరించడం మాట దేవుడెరుగు, వివరించానని అబద్ధం సంతకం చేసి మరీ పెట్టాడు. సంతకం మీదే కదా అని మమ్మల్ని అడిగాడు, ఆ డిక్లరేషన్ కింద సంతకం ఎవరిది?

తప్పు నాదీ ఉంది. నేను పదిమందికి బ్యాంకు ఫారాలు నింపిపెడతాను. కిందటేడు చినమావ ఎఫ్‌డీ వేశానంటే రసీదు చూపించు అని ఒక్కమాట అడగలేదు. ఆ ఒక్కమాట ఆ నెలలోనే అడిగి ఉంటే మొత్తం డబ్బు వెనక్కి వచ్చేది.

ఎందుకు వచ్చేదో చెప్తాను. జీవిత బీమా పాలసీకి ఫ్రీలుక్ గడువు, అంటే చూసుకుని వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే గడువు, ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి అది 30 రోజులు. పాలసీ పత్రం చేతికి అందిన రోజునుంచి లెక్క. ఆ లోపు నాకు వద్దు అని రాసిస్తే, రక్షణ ఇచ్చిన రోజులకు రిస్క్ ప్రీమియం, వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు, స్టాంపు ఖర్చు మాత్రం పట్టుకుని మిగతాది తిరిగివ్వాలి. లక్షకి పోయేది చాలా తక్కువ. మరి మోసం ఎక్కడ చేస్తారంటే, పాలసీలు ఇప్పుడు ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తున్నారు, ఈమెయిల్‌కి పంపితే అందినట్టే. చినమావకి ఈమెయిలే లేదు. ఫారంలో మాత్రం ఒక ఈమెయిల్ ఉంది, ఎవరిదో ఆయనకి తెలియదు. ఫోన్ నంబరు ఆయనదే వేశారు, ఓటీపీ కావాలి కాబట్టి. కీప్యాడ్ ఫోన్‌కి ఓటీపీ వస్తే కౌంటర్ దగ్గరే చదివి చెప్పాడు, ఎఫ్‌డీ కోసం అనుకున్నాడు. ఆ ఓటీపీతోనే ప్రపోజల్‌కి ఒప్పుకోలు అయిపోయింది. నెల ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు గడిచిందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఎనిమిది శాతం వడ్డీ అన్నారట. ఆ ఎనిమిది ఎక్కడిదో కాగితాలు చూశాక తెలిసింది. బోనస్ వచ్చే పాలసీలకీ, యూలిప్‌లకీ (డబ్బుని మార్కెట్‌లో పెట్టే పాలసీలు) బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అని ఒక పట్టిక ఇస్తారు. అందులో రెండు లెక్కలుంటాయి. పెట్టుబడి మీద 4 శాతం వస్తే ఇంత, 8 శాతం వస్తే ఇంత అని. రెండూ ఊహ లెక్కలే, ఏదీ హామీ కాదు, పట్టికలోనే ఆ మాట రాసి ఉంటుంది. పైగా అది ఖర్చులు తీయకముందు పెట్టుబడికి వచ్చే రాబడి, మన చేతికి వచ్చే వడ్డీ కాదు. కౌంటర్‌లో 8 ఉన్న గడి మీద వేలుపెట్టి చూపించి ఎఫ్‌డీ కంటే ఎక్కువ వస్తుందని చెప్పారు. ఐదేళ్లు తీయకూడదన్నారట, అదీ నమ్మేలాగే ఉంది, ఎందుకంటే పన్ను మినహాయింపు ఎఫ్‌డీకి నిజంగానే ఐదేళ్ల లాకిన్ ఉంటుంది. అబద్ధాన్ని నిజం పక్కన కూచోబెట్టి చెప్పారు.

ఎఫ్‌డీకీ పాలసీకీ తేడా చదువు తక్కువ ఉన్నవాళ్లు కూడా రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు. ఎఫ్‌డీ వేస్తే చేతికి డిపాజిట్ రసీదు ఇస్తారు. దాని మీద ఎఫ్‌డీ ఖాతా నంబరు, వడ్డీ రేటు, గడువు తేదీ, ఆ రోజు ఎంత వస్తుందో రూపాయలతో సహా ఒకే అంకె ఉంటాయి. ప్రీమియం అనే మాట ఎక్కడా ఉండదు. ఎత్తెంత, బరువెంత, బీపీ షుగర్ ఉన్నాయా, ఇంట్లో ఎవరైనా ఏ జబ్బుతో పోయారా అని అడిగితే అది ఎఫ్‌డీ కాదు. ఎఫ్‌డీకి మీ ఒంటితో పనిలేదు. ఏడాదికి ఆదాయం ఎంత, ఏం పని అని అడిగినా అనుమానించండి. చినమావ ఫారంలో ఏడాది ఆదాయం ఆరు లక్షలు, వృత్తి వ్యాపారం అని రాశారు. అంత ఆదాయం చూపించకపోతే లక్ష ప్రీమియం పాలసీ పాస్ కాదు, అందుకని. డబ్బు తెగాక పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. ఎఫ్‌డీ అయితే మీ పేరుమీదే ఇంకో ఖాతాకి బదిలీ అయినట్టు ఉంటుంది. బీమా కంపెనీ పేరో, దాని పొట్టిపేరో కనిపిస్తే ఆ క్షణమే కౌంటర్‌లో నిలబడి అడగండి.

ఎఫ్‌డీని మధ్యలో తీస్తే వడ్డీలో కొంత కోస్తారు, అసలు ఎక్కడికీ పోదు. బ్యాంకు మునిగినా అసలు, వడ్డీ కలిపి ఒక్కో డిపాజిటర్‌కి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. పాలసీకి ఇవేవీ వర్తించవు. మామూలు పాలసీ రెండేళ్లు కట్టి ఆపేస్తే కనీస గ్యారంటీ సరెండర్ విలువ కట్టినదాంట్లో 30 శాతం. చినమావ లెక్కలో రెండు లక్షలకి అరవై వేలు. మూడో ఏట 35, నాలుగు నుంచి ఏడో ఏడు దాకా 50. 2024 అక్టోబర్ నుంచి కొత్త పాలసీలకి ప్రత్యేక సరెండర్ విలువ నిబంధన మారింది కాబట్టి అంతకన్నా ఎక్కువ రావచ్చు, ఆ అంకె కంపెనీని రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోవాలి. యూలిప్ అయితే ఆపేసినా ఐదేళ్లు నిండేదాకా డబ్బు చేతికి రాదు.

మన జిల్లాల్లోనే ఇది ఎక్కువగా ఎందుకు జరుగుతుందో కూడా ఆలోచించండి. నేను చూసినంతలో కారణాలు రెండు. ఒకటి కాలం. మండీలో ధాన్యం ఇచ్చిన డబ్బు జనవరి నుంచి మార్చి లోపు ఖాతాలో పడుతుంది. ఒడిశాలో క్వింటాకు 800 రూపాయల ఇన్‌పుట్ సాయం మొదలయ్యాక పడే మొత్తమూ పెరిగింది. బ్రాంచి బీమా టార్గెట్ మార్చి 31తో ముగుస్తుంది. ఎవరి ఖాతాలో ఎంత పడిందో కౌంటర్‌లో వాళ్లకి మనకన్నా ముందు తెలుస్తుంది. రెండోది భాష. బ్యాంకు ఫారాలు ఇంగ్లీషు, హిందీ, ఒడియాల్లో ఉంటాయి. మనం ఒడియా మాట్లాడతాం గానీ మన పెద్దవాళ్లలో చాలామంది చదవలేరు. అదే పార్వతీపురం బ్రాంచికి వెళ్తే తెలుగు ఫారం దొరుకుతుంది, ముప్పావుగంట దూరంలో ఇవతలివాళ్లకి దొరకదు. కంపెనీవాళ్ల వెరిఫికేషన్ కాల్ కూడా హిందీలో వస్తుంది. "హా అనండి చాలు" అని ముందే చెప్పి పంపిస్తారు. ఆ కాల్ రికార్డవుతుంది, రేపు మీ మీదకే సాక్ష్యంగా తెస్తారు. తెలుగులో మాట్లాడించమని అడగండి. తెలుగు మనిషి లైన్‌లోకి వచ్చేదాకా దేనికీ హా అనొద్దు.

లోన్ కావాలంటే పాలసీ తీసుకోవాలి, లాకర్ కావాలంటే పాలసీ తీసుకోవాలి అని చెప్పేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు ద్వారా అమ్మే బీమా పూర్తిగా స్వచ్ఛందం, మరో సేవకి దాన్ని ముడిపెట్టకూడదు. ఇది రిజర్వు బ్యాంకు నియమం. పాలసీ తీసుకుంటేనే ఇస్తాం అన్న మాట రాసివ్వండి అని అడిగి చూడండి, ఎవరూ రాసివ్వరు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు మూడో కిస్తు తెగకుండా ఆపండి. ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దు చేయమని బ్రాంచికి రెండు కాపీల లెటర్ ఇచ్చి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాట పనికిరాదు, మేనేజర్ బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది. తర్వాత బీమా కంపెనీకీ, బ్యాంకుకీ వేర్వేరుగా ఫిర్యాదు రాయండి. అందులో ప్రపోజల్ ఫారం నకలు, సంతకం ఉన్న ఇలస్ట్రేషన్, వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్, పాలసీ అమ్మిన స్పెసిఫైడ్ పర్సన్ (బ్యాంకు తరఫున బీమా అమ్మడానికి లైసెన్సు ఉన్న మనిషి) పేరు, కోడ్ అడగండి. లైసెన్సు లేనివాడు బ్యాంకులో పాలసీ అమ్మకూడదు, కోడ్ ఒకరిది, మాట్లాడింది ఇంకొకరు అయితే అది మీకు బలం. తెలుగులో సంతకం పెట్టినవాళ్లు ఆ భాష డిక్లరేషన్ తప్పక చూడండి. ఆ సంతకం చేసిన మనిషికి తెలుగు వచ్చా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఫిర్యాదు రాయండి. మేం అలాగే రాశాం.

కంపెనీ నెలలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఒడిశాలో ఉన్నవాళ్లకి అది భువనేశ్వర్ ఆఫీసు. తెలుగువాళ్లం కదా అని హైదరాబాద్‌కి పంపితే కాలం వృథా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపు వేయాలి. హీరాఖండ్ రైలెక్కి భువనేశ్వర్ వెళ్లే పని కూడా లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, వీడియోలో విచారణకీ వీలుంది. బీమా నియంత్రణ సంస్థ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి గానీ ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. బ్యాంకు మీద ఇచ్చిన ఫిర్యాదుకి 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదు వేయడానికి రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్ ఉంది, వివరం అడగడానికి 14448.

ఇంకోమాట. ఇది చదివి పాస్‌బుక్ తీసినవాళ్లు మే నెలాఖరులో 436, 20 రూపాయలు తెగినట్టు చూసి కంగారు పడొద్దు. అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాలు, ఒక్కోటి 2 లక్షల రక్షణ, ఏడాదికొకసారే తెగుతాయి. మీరు ఒప్పుకుని చేరినవైతే అవి ఉంచుకోవాల్సినవే. వెతకాల్సింది ఏడాదికొకసారి ఒకే తేదీకి అటూఇటుగా తెగే పెద్ద అంకె.