పాత చర్చి గోడకు బస్తా సున్నమా, డ్రమ్ము సున్నమా?

చిత్తూరు వైపు పాత మిషన్ చర్చిలో గార రాలితే ముందు గుర్తొచ్చేది సిమెంటు బస్తానే. బోర్డు మీద సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అని ఉన్నా, గోడ వయసు అది కాకపోవచ్చు. సీఎస్ఐ ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అంతకుముందు ఇక్కడ పనిచేసిన ఆర్కాటు మిషన్ అమెరికా రిఫార్మ్‌డ్ చర్చిది, స్కడ్డర్ సోదరులు 1853లో మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో బిషప్పులే లేరు. బిషప్పు సీఎస్ఐతో తర్వాత వచ్చాడు, గోడలో గానుగ సున్నం (గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నం) ముందే ఉంది!

ఇటుకా సున్నమూ కలిసిన గోడ చెమ్మ పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుకే పొడిగా రాలుతుంది.

ఇక సరుకు సంగతి. బస్తాల్లో వచ్చే పొడి సున్నం చవక, మోయడం సులువు. కానీ గోదాములో నెలలు పడుంటే గాలి తగిలి సుద్దగా మారుతుంది. చిటికెడు నీళ్లలో కలిపి పలుచటి యాసిడ్ చుక్క వేయండి, బుసబుస పొంగితే వెనక్కి పంపేయండి. తాజాదైనా వెల్లకు సరిపోతుంది, గారకు అంత నప్పదు.

డ్రమ్ముల్లో వచ్చే నానిన సున్నం ఖరీదెక్కువే, అయినా గారకు అదే మేలు. కనీసం మూడు నెలలు నానితే తాపీకి వెన్నలా అంటుతుంది. వేళ్లకు పలుకులు తగిలితే కొనొద్దు. ఆ పలుకు గోడలో ఆలస్యంగా విచ్చుకుని గుంట పడుతుంది.

కొలత: సున్నం 1, జల్లించిన ఇసుక 3. వంద చదరపు అడుగులకు 12 మిల్లీమీటర్ల మందాన, వృథాతో కలిపి ఇసుక 4.5 ఘనపుటడుగులు, సున్నం 42 లీటర్లు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రీ దొరికితే అదృష్టమే, బెల్లం మితిమీరితే మాత్రం చీమలు ఖాయం. పాత సిమెంటంతా ఇటుక దాకా చెక్కి, ముందురోజు సాయంత్రమే గోడ తడపాలి. తర్వాత వారం రోజులు తడి గోనె కప్పాలి. మే ఎండలోనూ అక్టోబరు, నవంబరు వానల్లోనూ ఈ పని పెట్టుకోవద్దు. పైన ఎమల్షన్ పెయింటు వేస్తే చేసిందంతా దండగ, సున్నపు వెల్లే వేయాలి.

మిగిలిన డ్రమ్ము పారేయకండి. సున్నం మీద రెండంగుళాల నీళ్లు నిలిపి మూత బిగిస్తే వచ్చే ఏడు ఇంకా మెత్తగా ఉంటుంది.