బోర్డు లేని స్కూటర్ షెడ్డుల నా నైట్రో బండి రిపేర్ – నా రివ్యూ

ముందే చెప్తున్న, ఇది ఆర్సీ (రిమోట్ కంట్రోల్) బండ్ల హాబీ షాప్ కాదు. హన్మకొండ చౌరస్తా దగ్గర గల్లీల ఒక రేకుల షెడ్డు, బోర్డు లేదు, పాత చేతక్‌లు, ఆర్ఎక్స్ 100లు పట్టుకొని కూసుండే కాక ఒకాయన ఉంటడు. నా నైట్రో బండిని (మిథనాల్, నైట్రోమీథేన్ కలిపిన ఫ్యూయల్ తోని చిన్న ఇంజన్ మీద ఉరికే రిమోట్ కారు) ఆయన కాడికి తీస్కపోతా అంటే మా దోస్తులు నవ్విండ్రు. కానీ నైట్రో ఇంజన్ చూసేటోళ్ళు వరంగల్ల నాకైతే దొరకలే, హైదరాబాద్ పోవాలంటే దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు, పోయినా ఆ పూటనే చేసిస్తరని గ్యారంటీ లేదు, ఇగ ఏం చేస్త.

బండి 18 సైజు ఇంజన్ది, అంటే దాదాపు 3 సీసీ, టూ స్ట్రోక్, పుల్ స్టార్ట్ (తాడు గుంజి స్టార్ట్ చేసేది). రోగం ఏందంటే చల్లగున్నప్పుడు మంచిగనే స్టార్ట్ అయితది, రెండు రౌండ్లు కొట్టి వేడెక్కినంక యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగదు, కుయ్యిమని అట్లనే మొత్తుకుంటది, తర్వాత మూల మలిపేటప్పుడు టక్కున బంద్ పడుతది. నేను మూడు వారాలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల కూసోని నీడిల్స్ తిప్పుడే తిప్పుడు (కార్బురేటర్ మీద ఫ్యూయల్ సెట్ చేసే స్క్రూలు, బిగిస్తే ఫ్యూయల్ తక్కువ, విప్పితే ఎక్కువ). ఇవాళ సెట్ అయింది అనుకుంటే రేపటికి మళ్ళ అదే కథ. రెండు గ్లో ప్లగ్‌లు (స్పార్క్ ప్లగ్ బదులు వేడి తీగ తోని ఫ్యూయల్ అంటించేవి) మాడిపోయినయి. లీటర్ ఫ్యూయల్ ఖతమయింది, అది మనకాడ దొరుకుడే కష్టం, మంటలంటుకునే సరుకని కొరియర్ వాళ్ళు కూడ తీస్కోము అంటరు.

కాక బండిని చేతిల పట్టుకొని అటు ఇటు తిప్పి మొదలు అడిగింది, "దీనికి కరెంట్ వైర్ ఏది బిడ్డ?" అని. గ్లో ప్లగ్‌కు స్టార్టింగ్ అప్పుడే ఒకటిన్నర వోల్ట్ పెడితే చాలు, తర్వాత ప్లగ్‌ల ఉండే ప్లాటినం తీగ మిథనాల్ తగిలి దానంతట అదే ఎర్రగ మండుకుంట ఉంటదని చెప్పిన. ఓ నిమిషం ఆలోచించి "అయితే స్పార్క్ టైమింగ్ లొల్లి లేదన్నట్టు" అన్నడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

స్టార్ట్ చేపిచ్చిండు. నీడిల్ దిక్కు చెయ్యి కూడ పెట్టలే. చెవి పెట్టి విని, "గాలి గుంజుతుంది ఇది" అన్నడు. తర్వాత చేసిన పని చూడాలె, చిన్న స్క్రూ డ్రైవర్ మొనకు ఆయిల్ అద్దుకొని, ఇంజన్ నడుస్తుండంగనే కార్బురేటర్ మెడ ఇంజన్ల దిగే కాడ చుట్టూ ఒక్కొక్క చుక్క వదిలిండు. నాలుగో చుక్కకు రేస్ ఒక్కసారి దిగిపోయింది, రెండు మూడు సెకన్లకు ఆ ఆయిల్ లోపలికి గుంజుకోంగనే మళ్ళ లేసింది. అంతే, దొరికిపోయింది. కార్బురేటర్ పీకి చూస్తే లోపల ఓ-రింగ్ (గాలి దూరకుండ ఉండే గుండ్రటి రబ్బరు సీల్) పగిలి ఉంది, ఇంజన్ ఎనుక ప్లేట్ నాలుగు స్క్రూలల్ల రెండు వదులు. నేను మూడు వారాలు నీడిల్ తోని కొట్లాడింది ఈ పగులు తోని అన్నట్టు. దొంగ గాలి వస్తుంటే మిశ్రమం పల్చనైతది, దాన్ని కప్పిపుచ్చనీకి నేను నీడిల్ విప్పుడు, విప్పితే ఫుల్ రేస్‌ల పొగలు కక్కుడు. రెండూ ఒకేసారి ఎట్ల సెట్ అయితయి మరి.

కాక డబ్బాల వెతికి అదే సైజు ఓ-రింగ్ ఏసిండు, స్క్రూలు అడ్డదిడ్డంగ కాకుండ ఎదురెదురువి బిగించిండు. దీనికి ఫుల్ మార్కులు.

ఇగ తక్కువ మార్కులు ఎక్కడంటే ట్యూనింగ్ కాడ. స్కూటర్ అలవాటు కదా, పొగ కనపడితే ఆయనకు తప్పు కింద లెక్క, హై స్పీడ్ నీడిల్‌ను కుడికి బిగిస్తనే పోయిండు, సౌండ్ మస్తు వచ్చింది కానీ నా పాణం పోయింది. "కాకా ఆపు, దీనికి పొగ రావాలె" అన్న. స్కూటర్ పెట్రోల్ల 2టీ ఆయిల్ ఎంత పోస్తం, 2 శాతం, మహా అంటే 4. దీని ఫ్యూయల్ల ఆయిల్ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, ఇంజన్‌కు వేరే ఆయిలే ఉండదు, ఆ సన్నటి నీలం పొగ కనపడకపోతే పిస్టన్ ఎండుతున్నట్టే. మళ్ళ బండి మాన్యువల్ బుక్కుల ఉన్న సెట్టింగ్‌కు తెచ్చి, గడియారం ముల్లు ఒక గంట జరిగినంత మాత్రమే బిగించుడు, రెండు స్పీడ్ రౌండ్లు కొట్టి చూసుడు, మళ్ళ అంతే, అట్ల చేపిచ్చిన. హెడ్ మీద నా టెంపరేచర్ గన్ 115 డిగ్రీలు చూపెట్టింది. కాకకు గన్ మీద నమ్మకం లేదు, నీళ్ళ చుక్క ఏసిండు, సుర్రుమని ఎగిరిపోకుండ మూడు నాలుగు సెకన్లు మరిగి పోయింది, అప్పుడు ఒప్పుకున్నడు. లో స్పీడ్ నీడిల్‌కు ఫ్యూయల్ ట్యూబ్ వేళ్ళతోని నొక్కి పట్టే టెస్ట్ నేనే చూపెట్టిన: రేస్ జర లేసి రెండు మూడు సెకన్లల్ల బంద్ పడితే సరిగున్నట్టు, చానా సేపు నడిచి పడితే ఫ్యూయల్ ఎక్కువ, నొక్కంగనే పడితే తక్కువ. ఇది ఆయనకు మస్తు నచ్చింది, పక్క షాపోళ్ళను పిలిచి మరీ చూపెట్టిండు.

పిలిచిందే తప్పు. పక్కది వెల్డింగ్ షాప్, ఆ పిల్లగాడు బీడీ తాక్కుంట వచ్చి ఫ్యూయల్ బాటిల్ పక్కనే నిలవడ్డడు. మిథనాల్ మంట ఎండల కనపడదు, అంటుకున్న సంగతి చెయ్యి కాలితేనే తెలుస్తది. నేనే బాటిల్ తీసుకొని రోడ్డు అవతల పెట్టి వచ్చిన. ఇంకోటి, కార్బురేటర్‌ను పెట్రోల్ల కడిగిండు, దాంతోపాటు సిలికాన్ ఫ్యూయల్ ట్యూబ్‌ను కూడ ముంచిండు, తెల్లారి చూస్తే ఉబ్బి వదులైపోయింది, కొత్తది కొనుక్కోవాల్సొచ్చింది.

లేబర్ 300 తీసుకున్నడు, ఓ-రింగ్‌కు పైసలు తీస్కోలే. ఇది మే నెల ముచ్చట. డిసెంబర్ల పొద్దున ఏడింటికి అదే సెట్టింగ్ తోని తీస్తే ఇంజన్ గన్ల 140 దాటింది, భయమై వెంటనే ఆపిన. అది కాక తప్పు కాదు, చలికి గాలి చిక్కగుంటది, ఫ్యూయల్ కూడ ఎక్కువ కావాలె, నీడిల్‌ను ముల్లు ఒక గంట జరిగినంత విప్పితే మళ్ళ దారికొచ్చింది. లీక్ మాత్రం మళ్ళ రాలే.

ఐదుకు నాలుగు ఇస్త. పోయేటోళ్ళు ఆదివారం పోకుండ్రి, బంద్ ఉంటది. ప్లగ్ హీటర్, స్పేర్ గ్లో ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ ఆయిల్ మీరే తీస్కపోండ్రి, ఆయన కాడ గేర్ ఆయిల్ తప్ప ఏం దొరకదు. పెట్రోల్ డబ్బా దిక్కు చెయ్యి పోంగనే ట్యూబ్ గుంజుకొని జేబుల పెట్టుకోండ్రి.