ఢిల్లీ తప్పకుండా చూడండి, స్టేషన్ ఎదురు సందుల్లో లాడ్జీ మాత్రం తీసుకోకండి

ముందే చెప్తున్నా, ఢిల్లీ మాకు బాగా నచ్చింది. నా కోపమంతా మొదటి రోజు దిగిన లాడ్జీ మీద. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను, చూసిన చోట్ల సంగతి తర్వాత.

మేం నలుగురం. నేను, మా ఆయన, పదమూడేళ్ళ మా అబ్బాయి, మా అమ్మ. అమ్మకు 67 ఏళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసింది. ఎర్రకోట, కుతుబ్ మినార్ గురించి ఎన్ని వందల మంది పిల్లలకు పాఠం చెప్పిందో, తను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. రిటైరయ్యాక వెళ్దామనుకుంటే నాన్న మంచం పట్టాడు, ఆ తర్వాత అమ్మకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. చివరికి ఈ ఫిబ్రవరిలో కుదిరింది. ఆదివారం పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సోమవారం పొద్దున న్యూఢిల్లీలో దిగాం. రైల్లో ఏ ఇబ్బందీ లేదు.

లాడ్జీ పహాడ్‌గంజ్‌లో. స్టేషన్‌కు దగ్గర, అమ్మకు నడక తప్పుతుంది అని ఆశపడి బుక్ చేశాను. రాత్రికి 2,200, నాలుగు రాత్రులకు 8,800, మొత్తం ముందే కట్టేశాం. లిఫ్ట్ ఉందని, మొదటి అంతస్తులో మూడు మంచాల రూము అని ఫొటోలతో సహా యాప్‌లో ఉంది. అక్కడికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు తల కూడా ఎత్తకుండా "ఆ రూములో పైపు పగిలింది, మిమ్మల్ని మా ఇంకో హోటల్‌కి మార్చాం, రెండు నిమిషాల దూరం" అన్నాడు. ఆ రెండు నిమిషాలు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ, ఒకపక్క రిక్షాలు, ఒకపక్క కాలువ తప్పించుకుంటూ పన్నెండు నిమిషాలైంది. అక్కడ లిఫ్ట్ లేదు. రూము మూడో అంతస్తులో. మా వాడు లెక్కపెట్టాడు, 48 మెట్లు, అవి కూడా నిటారుగా, ఒక్కోటి ఒక్కో ఎత్తు.

అమ్మ రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఒళ్ళో సకినాల డబ్బా పట్టుకుని, "పోనీ తియ్యి బిడ్డా, ఎట్లనో ఎక్కుతా, నాలుగు రోజులే కదా" అంది. పైట కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వడానికి ప్రయత్నించింది. నాకు ఆ క్షణం ఎంత బాధ కలిగిందో చెప్పలేను. అంతకాలం ఆగి ఆగి వచ్చిన మనిషిని తెచ్చి ఆ మెట్ల మీద కూర్చోబెట్టాను.

రూములో కిటికీ ఉంది, తెరిస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగ్ గోడ. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. గీజర్ స్విచ్ రూములో లేదు, కింద కౌంటర్ దగ్గర ఉంది, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే వేస్తారట. మేం పన్నెండుకు ముందే వచ్చామని 800 అదనం, మూడో మంచానికి రాత్రికి 500 అదనం. మూడు మంచాలకనే కదా డబ్బు కట్టింది అంటే "అది ఆ హోటల్‌లో, ఇది వేరే" అన్నారు. మా ఆయన అంత తొందరగా గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజు పెంచాడు. అయినా 1,300 కట్టాకే తాళం చెవి ఇచ్చారు.

ఇంకో ఎత్తు కూడా వేశారు, కొత్తగా వెళ్ళేవాళ్ళు దీని గురించి తెలుసుకోవాలి. మేం స్నానాలు చేసి కిందికి దిగేసరికి ఒకాయన కౌంటర్ దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఈ రోజు సోమవారం, ఢిల్లీలో అన్నీ బంద్, మా కారులో తిప్పుతాం, 4,500" అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం పడిపోతారు. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్, నేషనల్ మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. కానీ కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి సోమవారం కూడా తెరిచే ఉంటాయి. అమ్మకు ఇది తెలుసు, రైల్లోనే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది. ఆయన ముందే ఆ పేజీ తీసి చూపించింది. మేం మెట్రో ఎక్కి కుతుబ్ మినార్‌కు వెళ్ళిపోయాం. టికెట్ మనిషికి 40, ఫోన్లో కొంటే 35, పదిహేనేళ్ళలోపు పిల్లలకు లేదు.

మినార్ దాదాపు 73 మీటర్ల ఎత్తు, ఫొటోల్లో ఎంత చూసినా దాని కింద నిలబడి తలెత్తితే వేరే సంగతి. కానీ అమ్మ ఎక్కువసేపు ఉన్నది మినార్ దగ్గర కాదు, పక్కనున్న మసీదు స్తంభాల మధ్య. పాత గుళ్ళ స్తంభాలు తెచ్చి నిలబెట్టారు, గంటలు, గొలుసులు చెక్కిన పని ఇంకా స్పష్టంగా ఉంది. "మన వేయి స్తంభాల గుడి పనితనం ముందు ఇది తక్కువే" అని అమ్మ తీర్పు చెప్పేసింది. మా వాడికి మాత్రం పదహారు వందల ఏళ్ళుగా తుప్పు పట్టని ఇనుప స్తంభమే నచ్చింది.

మంగళవారం పొద్దున్నే ఆ లాడ్జీ ఖాళీ చేశాం. మిగిలిన మూడు రాత్రుల డబ్బు ఇవ్వం అన్నారు. ఇవ్వకపోయినా సరే, అమ్మను మళ్ళీ ఆ మెట్లు ఎక్కించను అని నేను గట్టిగా అనుకున్నాను. మా ఆయన ఆఫీసులో తెలిసినవాళ్ళు చెప్తే లజ్‌పత్ నగర్‌లో ఒక ఇంటివాళ్ళు నడిపే గెస్ట్‌హౌస్‌కు వెళ్ళాం. రాత్రికి 2,700, కింది అంతస్తు, ఎండ వచ్చే కిటికీ. ఆ ఇంటావిడ అమ్మ నడక చూసి, అడగకుండానే బాత్రూంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, బకెట్ పెట్టుకోవడానికి ఎత్తుపీట పెట్టించింది. పొద్దున ఐదున్నరకే అల్లం టీ. అమ్మకు హిందీ అంతంతమాత్రం, ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా ఇద్దరూ సకినాలు తింటూ గంటసేపు మాట్లాడుకున్నారు.

నా సలహా ఒకటే. ఉండే చోటు మెట్రో వయొలెట్ లైన్ మీద చూసుకోండి. ఎర్రకోటకు లాల్ ఖిలా, హుమాయూన్ సమాధికి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, లోటస్ టెంపుల్‌కు కాల్కాజీ మందిర్, అన్నీ ఆ ఒక్క లైన్ మీదే. సెంట్రల్ సెక్రటేరియట్‌లో మారితే యెల్లో లైన్ మీద కుతుబ్ వస్తుంది. స్టేషన్లలో లిఫ్ట్‌లు ఉన్నాయి, పెద్దవాళ్ళకు ఏ టెన్షన్ ఉండదు. మాకు మెట్రో ఖర్చు రోజుకు మనిషికి వంద దాటలేదు. కారు మాట్లాడుకుని ట్రాఫిక్‌లో కూర్చోవడం శుద్ధ దండగ.

గెస్ట్‌హౌస్‌కు మారిన మంగళవారమే హుమాయూన్ సమాధి చూశాం, తోట, నీడ, ప్రశాంతత, ఢిల్లీలో ఒక్క కట్టడమే చూసే టైముంటే నేను దీన్నే చూడమంటాను. మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. రెండు రోజులుగా రైలు భోజనం, ఆలూ పరాఠాలతో మొహం మొత్తి ఉన్నాం. కూపన్ తీసుకుని, మన పేరు పిలిచేదాకా గుంపులో నిలబడాలి, కుర్చీ దొరికిన చోట ఎవరి పక్కనైనా సర్దుకోవాలి. కంచం ముందుకు రాగానే పూరీ, ముద్దపప్పు, వేపుడు, పచ్చడి, కారప్పొడి, దాని మీద నెయ్యి. అన్నం ఉన్న గిన్నె పట్టుకుని మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటారు. మా వాడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పొద్దున లాడ్జీ గొడవ దగ్గర్నుంచీ నోరు విప్పని మా ఆయన రసం కలుపుకుంటూ మొదటిసారి మాట్లాడాడు, "సాయంత్రం ఇండియా గేట్ దాకా నడుద్దామా?" అని. మా పక్కన కూర్చున్న వాళ్ళు పంజాబీలు, గోంగూరను వేళ్ళు నాకుతూ తింటున్నారు, చూస్తే నాకెంత సంతోషమేసిందో. నలుగురికీ కలిపి వెయ్యి కూడా కాలేదు.

సాయంత్రం ఇండియా గేట్, దాని వెనక జాతీయ యుద్ధ స్మారకం, రెండూ ఉచితమే. చీకటి పడ్డాక దీపాల్లో బాగుంటాయి.

బుధవారం ఎర్రకోట. బయటి గోడలు, లాహోరీ గేటు చూస్తే గుండె ఉప్పొంగుతుంది, ఆగస్టు 15న జెండా ఎగరేసేది అక్కడే కదా. లోపల మాత్రం పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్ళు లోపలి భవనాలు చాలావరకు కూలగొట్టి బ్యారక్‌లు కట్టారు, ఎండలో నడక ఎక్కువ, అమ్మ సగంలోనే బెంచీ చూసుకుని కూర్చుంది. ఎదురుగా చాందినీ చౌక్‌లో ఇప్పుడు పగటిపూట మోటారు బండ్లను రానివ్వడం లేదు, సైకిల్ రిక్షాలే. రిక్షా అతను 300 అడిగాడు, 150కి ఒప్పుకున్నాడు.

గురువారం వెళ్ళిన చోటు చాలామంది లిస్టులో ఉండదు, తుగ్లకాబాద్ కోట. గోవింద్‌పురి స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్ళాం, పోను 120, రాను 150. టికెట్ 25. వరంగల్ వాళ్ళం కాబట్టి ఇది చూడకుండా రాలేం. ఈ కోట కట్టించిన గియాసుద్దీన్ తుగ్లక్ పంపిన సైన్యమే 1323లో ఓరుగల్లు కోటను పట్టుకుంది, ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకొస్తుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. ఇంకో రెండేళ్ళకు, 1325లో, ఈ సుల్తాను కూడా చెక్క మంటపం కూలి మీద పడి చనిపోయాడు. ఇదంతా అమ్మ అక్కడే, కూలిన గోడ మీద కూర్చుని మా వాడికి చెప్పింది, వాడు ఫోన్ జేబులో పెట్టుకుని విన్నాడు. పక్కన ఇంకెవరో ఇద్దరు కాలేజీ పిల్లలు, తెలుగువాళ్ళే, నిలబడి వినడం మొదలుపెట్టారు. అమ్మ గొంతులో మళ్ళీ పాత క్లాసురూము వినిపించింది. కోట అంతా రాళ్ళ గుట్టలు, ముళ్ళపొదలు, కోతులు, నీడ లేదు, నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి. రోడ్డుకు అవతల సుల్తాను సమాధి చిన్నదే, ఎర్రరాయి, తెల్లపాలరాతి గుమ్మటం, వాలు గోడలు, చాలా బాగుంది.

ఓరుగల్లు నుంచే బందీగా వచ్చి, మతం మారి, ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరు దాకా ఎదిగిన మక్బూల్ తిలంగానీ సమాధి నిజాముద్దీన్ బస్తీ సందుల్లో ఉంది. వెతుక్కుంటూ వెళ్ళే ఓపిక అమ్మకు లేకపోయింది, మీకుంటే వెళ్ళండి.

శుక్రవారం సాయంత్రం రైలు, పొద్దున గాంధీ స్మృతికి వెళ్ళాం. లోక్ కల్యాణ్ మార్గ్ స్టేషన్ నుంచి దగ్గర, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. గాంధీజీ చివరి 144 రోజులు ఉన్న ఇల్లు. ఆయన గదిలో పరుపు, కళ్ళజోడు, చేతికర్ర. ఆ గది నుంచి ప్రార్థనా స్థలం దాకా, 1948 జనవరి 30 సాయంత్రం ఆయన నడిచిన దారిలో సిమెంటు పాదాల గుర్తులు వేశారు. అమ్మ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. మోకాలు నొప్పి ఉన్నా నా చెయ్యి పట్టుకోనంది. ఒక్కో పాదం గుర్తు పక్కనే తన పాదం వేస్తూ, వాటిని తొక్కకుండా, చివరిదాకా నడిచింది. ఆ చివర ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. ఢిల్లీలో అన్నిటికంటే అమ్మకు ఏది నచ్చిందంటే ఇదే అని చెప్తోంది, ఇప్పటికీ.

ఇక డబ్బు సంగతి. లాడ్జీలో మేం ఉండని మూడు రాత్రులకు 6,600 రావాలి. ఊరికి వచ్చాక యాప్‌లో ఫిర్యాదు పెడితే పదకొండు రోజులకు 2,200 వెనక్కి వేశారు, మిగిలిన 4,400కు జవాబు లేదు. బలవంతంగా కట్టించుకున్న 1,300కు రసీదు కూడా ఇవ్వలేదు, మీరు మాత్రం రసీదు తీసుకోకుండా పైసా కట్టకండి, వెళ్ళగానే మెట్లు, రూము, కౌంటర్ అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. మేం తీసిన ఫొటోలతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నమోదైంది, నంబరు వచ్చింది. వచ్చే సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తాను.