సెకండ్ హ్యాండ్ బీఎస్6 లారీ కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు యూరియా ట్యాంకు మూత తీసి చూడండి

టైర్లు బాగున్నాయి, క్యాబిన్ శుభ్రంగా ఉంది, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ నడుస్తున్నాయి, పైగా మార్కెట్ రేటు మీద లక్షన్నర తక్కువకే ఇస్తామంటున్నారు. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండి ఇలా చవకగా వస్తోందంటే ఒక్కరోజు ఆగండి. పొగను శుభ్రం చేయడానికి యూరియా ద్రవం చల్లే సిస్టం కట్ చేసి, దాని బదులు ఎమ్యులేటర్ డబ్బా పెట్టిన బండ్లు అమ్మకానికి వస్తున్నాయి. కొన్నవాళ్లకు ఆ సంగతి లోడు మీద ఉండగా తెలుస్తోంది.

ఆ డబ్బా అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. ట్యాంకులో యూరియా ఉందనీ, పొగ శుభ్రంగా పోతోందనీ ఇంజన్ కంప్యూటర్‌కు అబద్ధపు సిగ్నల్ పంపుతుంటుంది. అది పనిచేసినన్నాళ్లూ ఏమీ తెలియదు. వాన నీళ్లు తగిలి చెడిపోయినా, సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చినా అసలు రంగు బయటపడుతుంది. ముందు డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, తర్వాత ఇంజన్ బలం పావు వంతు తగ్గుతుంది, చివరికి బండి గంటకు 20 కిలోమీటర్లు దాటదు. ఇదేమీ కంపెనీ లోపం కాదు. యూరియా లేకుండా నడపకూడదని నిబంధనలే అలా పెట్టించాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది. పెద్ద బండ్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు బీఎస్4లో ఇంజన్ ఇచ్చే ఒక్కో యూనిట్ (కిలోవాట్ అవర్) శక్తికి 3.5 గ్రాములుంటే ఇప్పుడు 0.46. అంత తగ్గించడం ఒక్క ఇంజన్ వల్ల అయ్యే పని కాదు. అందుకే సైలెన్సర్ పెట్టెలోనే మసి పట్టే ఫిల్టరూ, యూరియాతో పనిచేసే క్యాటలిస్టూ కూర్చోబెట్టారు. ఆ పెట్టె మొత్తం మార్చాల్సి వస్తే లక్షల మాట. చవకగా వచ్చిందనుకున్న లక్షన్నర అక్కడే పోతుంది.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, వచ్చేసరికే స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. తాళం తిప్పగానే చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో ఆ లైటునే పీకేసి ఉండొచ్చు. తర్వాత యూరియా ట్యాంకు నీలం మూత తీసి టార్చి వేయండి. గేజిలో సగం చూపిస్తుంటే ట్యాంకులో కూడా సగం కనిపించాలి. లోపల దుమ్ము, ఎండిన తెల్లటి పెచ్చులు, అడుగున గుక్కెడు నీళ్లు ఉండి గేజి మాత్రం నిండుగా చూపిస్తుంటే ఇంకేం చూడక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి. అనుమానం మిగిలితే ఓనర్‌ని అడిగి ట్యాంకు లెవెల్ సెన్సర్ ప్లగ్ తీయించండి. మంచి బండైతే కాసేపట్లోనే గేజి తప్పు చూపిస్తుంది, లేదా లైటు వెలుగుతుంది. డబ్బా పెట్టిన బండిలో ముల్లు కదలదు.

స్కానర్ ఉన్న మెకానిక్‌ని తప్పకుండా తీసుకెళ్లండి. అయితే షెడ్డులో ఐడిలింగ్‌లో పెట్టి చూస్తే ఏమీ తేలదు. పొగ వేడి దాదాపు 200 డిగ్రీలు దాటితే గానీ యూరియా స్ప్రే మొదలు కాదు. లోడుతో ఇరవై, ముప్పై కిలోమీటర్లు తోలి, అప్పుడు రెండు నాక్స్ సెన్సర్ల (నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేవి) రీడింగులు పక్కపక్కన పెట్టి చూడాలి. క్యాటలిస్టు ముందుది వందల్లో ఉంటే వెనకది పదుల్లోకి దిగాలి. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా అంకె మారడం లేదంటే అది సెన్సర్ చెప్పేది కాదు, డబ్బా చెప్పేది.

బండి చల్లారాక పొగగొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. ఫిల్టర్ సరిగా ఉన్న బండిలో వేలికి మసి దాదాపు అంటదు. నల్లగా అంటితే ఫిల్టర్ పగిలింది, లేదా పెట్టె కోసి లోపలిది తీసేశారు. పెట్టె చుట్టూ కొత్త వెల్డింగ్ గీత ఉందేమో కింద పడుకుని చూడాల్సిందే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. ఆ పరీక్ష డీజిల్ బండికి పొగ నలుపునే కొలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కాదు. కాబట్టి ఆ కాగితం ఇక్కడ సాక్ష్యం కాదు.

బిల్లులు కూడా అడగండి. డీజిల్ ఖర్చులో సుమారు 4, 5 శాతం మేర యూరియా ద్రవం ఖర్చవుతుంది, కొన్ని ఇంజన్లలో ఇంకొంచెం తక్కువ. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 10,000 కిలోమీటర్లు తిరిగితే 2,500 లీటర్ల డీజిల్ తాగుతుంది. దానికి 100 నుంచి 125 లీటర్ల యూరియా, అంటే 20 లీటర్ల బకెట్లు ఐదారు పడాలి. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి నాలుగు బిల్లులు చూపిస్తే లెక్క మీకే తెలుస్తుంది.

డబ్బా లేకపోయినా నాసిరకం యూరియా పోసిన బండి కూడా అంతే ప్రమాదం. పొలంలో చల్లే 45 కిలోల బస్తా నీళ్లలో కలిపితే 125 లీటర్లకు పైగానే తయారవుతుంది, ఆశ అక్కడే పుడుతుంది. రైతు సబ్సిడీ బస్తాను ఇలా మళ్లించడం నేరం, అది అలా ఉంచినా ఆ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బైయూరెట్ అనే మలినం ఎక్కువ. నాజిల్ దగ్గర గట్టిపడేది అదే. ఆర్వో నీళ్లతో కలిపామని చెప్పినా నమ్మొద్దు. డెఫ్‌లో (బండికి పోసే యూరియా ద్రవం పేరు అదే) కాల్షియం కిలోకు 0.5 మిల్లీగ్రాములు మించకూడదు, తాగే ఆర్వో నీళ్లు ఆ లెక్కకు సరిపోవు. సరైన డెఫ్ 32.5 శాతం యూరియా, 20 లీటర్లు తూస్తే బకెట్ బరువు పోను 21.8 కిలోలు రావాలి. బరువు తగ్గితే నీళ్లు కలిపారు. బరువు సరిపోయినంత మాత్రాన మంచిదని కాదు, కల్తీ యూరియా కూడా అంతే తూగుతుంది. అందుకే గాజు గ్లాసులో పోసి చూడండి: పైన నూనె తెట్టు, పసుపు రంగు, మసక, వేప వాసన, వీటిలో ఏది కనిపించినా వద్దు. మన ఎండల్లో 35 డిగ్రీల్లో నిల్వ ఉంటే మంచి డెఫ్ కూడా ఆరు నెలలే, తయారీ తేదీ చూసుకోండి.

"ఎలాగూ రెండేళ్లలో ఎలక్ట్రిక్‌కి మారతాం, అప్పటిదాకా డబ్బాతో లాగిద్దాం" అనే మాట వినిపిస్తోంది. దయచేసి అలా చేయకండి. ఎలక్ట్రిక్ లారీకి డౌన్ పేమెంట్ ఈ బండి అమ్మితేనే కదా వచ్చేది, డబ్బా ఉన్న బండిని అప్పుడు ఎవరు కొంటారు? పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆ బండి ఆర్సీ అప్పుడు మీ పేరు మీద ఉంటుంది, అమ్మినవాడి పేరు మీద కాదు.

అన్నీ సరిపోయి కొంటుంటే అగ్రిమెంటులో "యూరియా సిస్టం, ఫిల్టర్, సెన్సర్లు ఒరిజినల్, ఎమ్యులేటర్ లేదు" అని రాయించి సంతకం తీసుకోండి. ఇంటికి తెచ్చాక రాత్రి ఇంజన్ ఆపగానే బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పొద్దని డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి. పంపు పైపుల్లోని యూరియాను వెనక్కి లాగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ గుయ్‌మనే శబ్దం ఆగాకే స్విచ్ తిప్పాలి, లేకపోతే పైపుల్లో మిగిలింది తెల్లారేసరికి పలుకు కట్టి కూర్చుంటుంది.