పాత బొమ్మ చూసి దించడమా, గోదారి గట్టున కూర్చోవడమా: ఏది మేలు?

వాటర్ కలర్‌లో ల్యాండ్‌స్కేప్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఎదురుగా గోదారి పెట్టుకుని, ఎప్పుడో ఎవరో వేసిన బొమ్మ దించడం ఎందుకని కూడా అంటున్నారు. రెండూ చేసి చూశాను. ముందు కాపీయే చెయ్యమంటాను.

నేను మొదట వెళ్లింది కోటిపల్లి రేవుకే. ఇసుక తిన్నె, అవతలి ఒడ్డున కొబ్బరితోటలు, ఆకాశం, అన్నీ ఒకేసారి పిలుస్తాయి. స్కెచ్ అయ్యేలోపు ఎండెక్కి నీటి రంగు మారిపోతుంది, జనాన్ని ఏరు దాటించే పంటు వచ్చి అడ్డంగా నిలుస్తుంది. దేన్ని వదలాలో తెలియక అన్నీ పెట్టేశాను. కాగితం మీద తెలుపనేదే మిగల్లేదు.

నా దృష్టిలో అసలు విషయం ఆ తెలుపే. ఆయిల్ పెయింటింగ్‌లో తెల్లరంగు పైన వేసి దిద్దుకోవచ్చు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. దాన్ని ఎక్కడ వదలాలో కుంచె తడపకముందే తేల్చుకోవాలి.

అందుకే ఇంగ్లిష్ చిత్రకారుడు థామస్ గిర్టిన్ 1800లో వేసిన 'ది వైట్ హౌస్ ఎట్ చెల్సీ' అనే వాటర్ కలర్‌ను దించడానికి తీసుకున్నాను. అసలు బొమ్మ లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, 51 వెడల్పు. పొద్దుగూకే వేళ థేమ్స్ నది, ఒక గాలిమర, ఒడ్డున చిన్న తెల్లటి ఇల్లు, నీళ్లలో దాని నీడ. ఆ ఇంటి తెలుపు రంగు కాదు, ముట్టకుండా వదిలిన కాగితం. వెడల్పాటి నది, పల్లపు గట్లు, పైనంతా ఆకాశం. లంకలు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది పరాయి బొమ్మలా అనిపించదు.

బోర్డు కింద పుస్తకం పెట్టి వాలుగా ఉంచి, వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పలచటి రంగు పూత, పైనుంచి కిందికి వేసుకుంటూ వచ్చాను. అంచున చేరే నీటిని ఇంటి చుట్టూ తిప్పి కిందికి నడిపించాలి. మొదటిసారి ఆత్రంలో ఇంటి మీదికి పోనిచ్చాను. టిష్యూతో అద్దితే బూడిదరంగు మచ్చ మిగిలింది. నాలుగోసారికి ఇల్లు తెల్లగా నిలిచింది కానీ, సగం ఆరిన వాష్ మీద తడి కుంచె పెట్టడంతో పక్కనే కాలీఫ్లవర్‌లాంటి మరక పడింది. మన గాలిలో తేమ ఎక్కువ, వీడియోల్లో చెప్పే టైమ్ సరిపోదు. వేళ్ల వెనకవైపు కాగితానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే.

రేవులో బొమ్మ చెడితే తప్పు నా చేతిదో, మారిన వెలుతురుదో తెలియదు. కాపీలో చూసి వేసే బొమ్మ పక్కనే ఉంటుంది, తప్పెక్కడో వెంటనే తెలుస్తుంది.

కాపీ అంటే చిన్నచూపు వద్దు. గిర్టిన్, తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న టర్నర్, ఇద్దరూ 1790లలో బొమ్మలు సేకరించే డాక్టర్ మన్రో ఇంట్లో సాయంత్రాలు కూర్చుని, తమకంటే ముందుతరం చిత్రకారుడు జాన్ రాబర్ట్ కోజెన్స్ బొమ్మలు దించినవాళ్లే. గిర్టిన్ గీతలు గీస్తే, టర్నర్ వాష్‌లు వేసేవాడు. మీరు దించిన బొమ్మ వెనకాల మాత్రం ఎవరిది చూసి వేశారో తప్పకుండా రాయండి.

అలాగని కాపీల దగ్గరే ఉండిపోకూడదు. వరద గోదారి ఎరుపు, కొబ్బరాకు మీద ఎండ మెరుపు లండన్ బొమ్మలో దొరకవు. అవి గట్టున కూర్చునే నేర్చుకోవాలి.

ఫోన్ ఫొటో చూసి వేయడమంటారా, నీడలు నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చేస్తాయి. యూట్యూబ్ కుంచె పట్టడం వరకు చాలు.

స్క్రీన్ మీద కాగితం గరుకు కనిపించదు కాబట్టి రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒకసారి వెళ్లిరండి. ఆ చిత్రకారుడు 30 ఏళ్లైనా నిండకుండా 1925లో పోయిన మనిషి. రంగు కాగితంలోకి ఎలా ఇంకిందో దగ్గరగా నిలబడి చూడండి.

ఏడో కాపీ అయ్యాక మళ్లీ కోటిపల్లి రేవుకు వెళ్లాను. ఎప్పటిలాగే పంటు వచ్చి అడ్డంగా నిలిచింది. ఈసారి దాని మీదున్న తెల్లచొక్కాలను కాగితంగా వదిలేసి, మిగతాదంతా ఒకే వాష్‌లో కలిపేశాను.