నాన్నమ్మకు చదివి వినిపిస్తూ చూసినవి

2023 వేసవిలో మా ఇంటికి 43 అంగుళాల స్మార్ట్ టీవీ వచ్చింది. అంతకుముందు నేను చూసేదంతా ఫోన్‌లోనే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడినే చూసేవాడిని. టీవీ హాల్లోకి వచ్చాక నాన్నమ్మ పక్కన కూర్చోవడం మొదలైంది. ఆమెకు చదువు రాదు. తెలుగు తప్ప మరో భాష తెలియదు, ఆ తెలుగూ మా శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తెలుగే. నేను చూసేవాటిలో సగానికి పైగా జపనీస్, హిందీ, తమిళం, ఇంగ్లీషు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే నేను చదువుకుని, వెంటనే ఆమెకు మా మాటల్లో చెప్పాలి. శ్రీకాకుళంలో మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నర దాటితే జరిగేది ఇదే.

ఇలా చెప్పుకుంటూ చూడటం వల్ల నా చూపు మారింది. ఒక కథను పక్కనున్న మనిషికి ఆమె మాటల్లో చెప్పాల్సి వచ్చినప్పుడు, అందులో ఏది గట్టిదో ఏది ఉత్త హడావుడో వెంటనే తెలిసిపోతుంది. కొన్ని సీన్లలో నోరు నొప్పెట్టేదాకా చెప్పినా ఆమెకు ఏమీ అందదు. కొన్నింటిలో నేను నోరు విప్పక్కర్లేదు. ఈ సమీక్ష అలా చూసినవాటి గురించే.

అన్నిటికంటే ముందు జపాన్ దర్శకుడు మకోతో షింకై తీసిన యానిమేషన్ సినిమా ‘సుజుమె’. జపాన్‌లో 2022 నవంబరులో, మన దగ్గర 2023 ఏప్రిల్‌లో విడుదలైంది. మేం ఇంట్లో నాలుగుసార్లు చూశాం. పదిహేడేళ్ల పిల్ల పాడుబడ్డ చోట్ల తెరుచుకున్న తలుపులు మూసుకుంటూ దేశంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్తుంది. తలుపు మూయకపోతే భూకంపం వస్తుంది. ఆమెతోపాటు మూడు కాళ్ల పసుపురంగు కుర్చీ ఒకటి పరుగెడుతూ ఉంటుంది. ఆ కుర్చీ నడిచినంతసేపూ నాన్నమ్మ నవ్వుతూనే ఉంది. పిల్లల సాహసకథ అనుకుని నేనూ తేలిగ్గానే చదివి చెబుతున్నాను. తర్వాత ఆ పిల్ల చిన్నప్పటి డైరీ బయటికి తీస్తుంది. జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చిన 2011 మార్చి 11 దగ్గర్నుంచి పేజీలన్నీ నల్లగా గీకేసి ఉంటాయి. అక్కడ చదవడానికేమీ లేదు. నాన్నమ్మ ఏమీ అడగలేదు. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నాన్నమ్మ ఉద్దానంలోనే ఉంది. తెల్లారేసరికి కొబ్బరి తోట నేలమీద ఉంది, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్టును ఇంటి పెద్దకొడుకు అంటారు. ఆ తర్వాతే నాన్న ఆమెను పట్నం తీసుకొచ్చేశారు. ఈ సినిమాలో తలుపు మూసే ముందు ఆ పాడుబడ్డ చోట ఒకప్పుడు బతికిన మనుషుల గొంతులు వినాలి. వినకుండా మూయలేరు. ఇంత మంచి ఆలోచన ఈమధ్య నేను చూసిన ఏ కథలోనూ లేదు. నాన్నమ్మకు దీన్ని ఒక్క ముక్కలో చెప్పగలిగాను, ఒక్క ముక్కలో అర్థమైంది కూడా.

చివర్లో ఆ ఊరివాళ్ల గొంతులు వరసగా వినిపిస్తాయి. పొద్దున్నే బడికి, పనికి బయల్దేరుతూ ఇంట్లోవాళ్లతో ‘ఇత్తెకిమాస్’ అంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో అది పొడిగా వెళ్తున్నాను అన్నట్టుగా పడుతుంది. అసలు అర్థం వెళ్లి వస్తాను అని. మన ఇళ్లలోనూ గుమ్మం దాటేటప్పుడు వెళ్తున్నా అంటే పెద్దవాళ్లు తిడతారు, వెళ్లొస్తా అనిపిస్తారు. ఇంగ్లీషు దగ్గర ఆగకుండా నేను నేరుగా ‘ఎల్లొస్తాను, ఎల్లొస్తాను’ అని చెబుతూ పోయాను. నాన్నమ్మ టీవీ వైపే చూస్తూ, “ఎల్లొస్తానన్నోలు మరి రానేదు” అంది. ఆ రోజు ఇంక ఏదీ పెట్టలేదు. నాకు జపనీస్ రాదు, ఇలాంటి నాలుగైదు మాటలు మాత్రం వినీ వినీ పట్టుబడ్డాయి. ఆ భాష నుంచి మన తెలుగులోకి నేరుగా డబ్బింగ్ చేస్తే ఎంత దగ్గరగా వస్తుందో అప్పుడు తెలిసింది. మధ్యలో ఇంగ్లీషు చేరి సగం తినేస్తోంది.

హయావో మియజాకి ‘ది బాయ్ అండ్ ద హెరాన్’ (2023) ఇంకా కష్టమైన యానిమేషన్ సినిమా. 2024లో ఆస్కార్ వచ్చింది. మా తమ్ముడు అరగంట చూసి లేచిపోయాడు. నాన్నమ్మ లేవలేదు. యుద్ధకాలంలో ఒక పిల్లాడి తల్లి ఆసుపత్రి మంటల్లో పోతుంది. తండ్రి ఆమె చెల్లెల్నే చేసుకుని, పిల్లాణ్ని పల్లెకు తీసుకెళ్తాడు. ఇది ఇద్దరు ముగ్గురు స్నేహితులకు వింతగా అనిపించిందట. మా ఇంట్లో అది చెప్పుకోవాల్సిన సంగతే కాలేదు. అక్క పోతే చెల్లెల్ని ఇచ్చి చేసిన ఇళ్లు మా వైపు ఎన్ని లేవు! నిన్నటిదాకా పిన్ని అన్న నోటితో అమ్మా అనమంటే పిల్లాడికి మాట రాకపోవడం నాన్నమ్మకు నాకంటే ముందే తెలిసింది. వాడు రాయి తీసుకుని తన తలను తానే కొట్టుకునే చోట ఆమె చెయ్యి నా భుజం మీద పడింది.

అసలు సంగతి గూడబాతుల (పెలికాన్ల) దగ్గర వచ్చింది. పిల్లాడు వెళ్లిన ఆ వేరే లోకంలో, పుట్టబోయే ప్రాణాలు తెల్లటి బుడగల్లా పైకి తేలుతుంటే గూడబాతులు గుంపులుగా వచ్చి మింగేస్తాయి. నాన్నమ్మ కన్నవారి ఊరు నౌపడ దగ్గర. పక్కనే తేలినీలాపురం. ఏటా చలికాలానికి ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దూరం నుంచి అక్కడికి వచ్చి, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుని వేసవికి వెళ్లిపోతాయి. పక్షులు వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. వాటి జోలికి ఎవరూ వెళ్లరు. అందుకే ఆమెకు కోపం వచ్చింది. “అవి మా ఊరి పచ్చులురా. అలగెందుకు సూపించినాడు?” అని గట్టిగానే అడిగింది.

తర్వాత సీన్‌లో ఒక ముసలి గూడబాతు రక్తం కారుతూ చావుకు దగ్గరపడి మాట్లాడుతుంది. తమను ఈ లోకానికి తెచ్చి వదిలారనీ, ఇక్కడి సముద్రంలో చేపలు తక్కువనీ, ఎంత ఎత్తుకు ఎగిరినా దారి దొరకలేదనీ చెబుతుంది. నేను రిమోట్‌తో ఆపి నెమ్మదిగా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, “ఆకలికి సేసినాయి” అంది. పిల్లాడు దాన్ని పూడ్చిపెడుతుంటే చూసింది. ఈ సినిమా అర్థం కాదని చాలామంది అన్నారు. పెద్ద తాతగారి గోపురం, రాళ్లు పేర్చడం నాకూ పూర్తిగా పట్టుబడలేదు. కానీ చెడ్డదనుకున్నదాని నోటితోనే దాని ఆకలి చెప్పించిన ఆ రెండు నిమిషాలకు నేను ఈ సినిమాను పై వరసలో పెడతాను.

డాక్యుమెంటరీల్లో ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ గురించి చెప్పాలి. కార్తికి గొన్సాల్వెస్ తీసింది, నలభై నిమిషాలు. తమిళనాడు ముదుమలైలో తెప్పకాడు ఏనుగుల శిబిరం దగ్గర బొమ్మన్, బెల్లి దంపతులు రఘు అనే ఏనుగు పిల్లను పెంచుతారు. 2023 మార్చిలో ఆస్కార్ గెలిచింది. తమిళం కాబట్టి అక్కడక్కడా మాటలు నాన్నమ్మకు అందాయి. తర్వాత రఘును వాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయినప్పుడు నేను చదవాల్సిన పనే లేకపోయింది, బెల్లి ముఖం చాలు.

రఘు తల్లి కరెంటు తగిలి చనిపోయిందని అందులో చెబుతారు. ఆ అవార్డు వచ్చిన రెండు నెలలకే, 2023 మే నెలలో, పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు మా రెండు జిల్లాల అడవి అంచుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. వాటి వల్ల మనుషులూ పోయారు, అరటి, వరి, చెరకు పోయాయి. అందుకే ఈ డాక్యుమెంటరీ ఎంత నచ్చినా ఒక వెలితి ఉంది. శిబిరం లోపలి ప్రేమను చూపినంత శ్రద్ధగా శిబిరం బయట పంట పోగొట్టుకున్న రైతును చూపలేదు. సీతంపేట కొండల్లో రాత్రిపూట డబ్బాలు కొట్టుకుంటూ కాపలా కాసే మనిషి కథ ఎవరైనా ఇదే ఓపికతో తీస్తే బాగుండునని మనసారా కోరుకుంటున్నాను.

శౌనక్ సేన్ ‘ఆల్ దట్ బ్రీత్స్’ (2022) దీనికి ఎదురు దారి. ఢిల్లీలో నదీమ్, సౌద్ అనే అన్నదమ్ములు గాయపడి నేలకు రాలిన గద్దలను ఇంటి కిందగదిలో బాగుచేస్తారు. చాలా నెమ్మదిగా నడుస్తుంది. కెమెరా ఒక నీటిగుంట మీద, ఒక ఎలుక మీద నిమిషాల తరబడి ఉండిపోతుంది. మొదటిసారి నాకు నిద్ర ముంచుకొచ్చింది. రెండోసారి నాన్నమ్మతో చూశాను. మాటలు తక్కువ కావడంతో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు, గద్ద రెక్కకు కట్టు కట్టే చేతులనే చూస్తూ కూర్చుంది. ఈ మూడేళ్లలో నేను చూసిన డాక్యుమెంటరీల్లో ఇదే గొప్పదని నా అభిప్రాయం. ఎక్కడా ఏడవమని అడగదు.

సీరియళ్లలో ‘షోగున్’ (2024) పది భాగాలు దాదాపు ఒంటరిగానే చూశాను. పద్దెనిమిది ఎమ్మీ అవార్డులు వచ్చిన సిరీస్. ఎక్కువ భాగం జపనీస్. చదివి చెప్పడానికి ఊపిరాడదు, రెండో భాగం మధ్యలోనే నాన్నమ్మ పడుకుంటానంది. కానీ అందులో మరికో పాత్ర నన్ను వదల్లేదు. ఇద్దరు మనుషుల మధ్య కూర్చుని ఒకరి మాట మరొకరికి చెప్పే పని ఆమెది. చెప్పేటప్పుడు కొంత మెత్తబరుస్తుంది, కొంత దాచుకుంటుంది. నేనూ అదే చేస్తున్నాను కదా అనిపించింది. తల్లి చావు గురించి చెప్పాల్సిన చోట నేను ఎన్నిసార్లు మాట మార్చానో నాకు తెలుసు.

జపనీస్ యానిమేషన్ సినిమా ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగ్‌తోనూ విడుదలైంది. తమ్ముడి కోసం వెళ్లాను. బొమ్మలు అద్భుతం, కానీ కత్తి ఎత్తిన ప్రతిసారీ వెనకటి కథలోకి వెళ్తే టెన్షన్ నిలబడదు. అకజ అనే రాక్షసుడి గతం ఒక్కటే అలా కథ ఆపినందుకు తగిన విలువ ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో 1992 నాటి జపాన్-భారత్ రామాయణం యానిమేషన్‌ను మళ్లీ తెలుగులో విడుదల చేస్తే నాన్నమ్మను విశాఖ తీసుకెళ్లాను. చేత్తో గీసిన ఆ అడవులు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. కథ తెలిసిందే కాబట్టి నా అవసరం ఆమెకు రాలేదు. బయటికి వచ్చాక అడిగింది ఒక్కటే, “ఊర్మిళమ్మ నిద్ర ఏదిరా?” ఆ పాట ఆమె దంపుళ్ల దగ్గర పాడింది. సినిమాలో అది లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

తెలుగులో తీసినవి చూస్తే, ‘నైంటీస్’ (2024) ఆరు భాగాలూ రెండు రాత్రుల్లో అయిపోయాయి. లెక్కల మాస్టారి ఇల్లు, డబ్బుల ఇబ్బంది, పిల్లల మార్కులు. శివాజీ నటన చాలా బాగుంది. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. టీవీలో మా యాస వినిపిస్తే అది పనిమనిషో, నవ్వించే పాత్రో అయి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఇదే. అందుకే ‘తండేల్’ (2025) ఇంట్లో చూసినప్పుడు, ప్రేమా ఏడుపూ కూడా హీరో హీరోయిన్లు మా యాసలోనే పలుకుతుంటే నాన్నమ్మ ముందుకు జరిగి కూర్చుంది. “ఆడు మనోడేటి?” అని అడిగింది. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల కథ అది. పాటలూ పోరాటాలూ కొంత ఎక్కువయ్యాయి. పాటల్లేకుండా, ఆ పడవల్లోని మనుషులే తమ మాటల్లో చెప్పే డాక్యుమెంటరీ వస్తే నేను మొదటి రోజే చూస్తాను. దానికి నేను చదివి చెప్పాల్సిన పనుండదు.

ఈ శనివారం ‘ది బాయ్ అండ్ ద హెరాన్’ మళ్లీ పెట్టమంది. ఈసారి ముసలి గూడబాతు మాట్లాడేటప్పుడు రిమోట్ నొక్కొద్దంది. అది ఏమంటుందో తనకు తెలుసట.